పీఠికకు బొట్టు

మా ఇంటి ప్రహరీగోడకు లోపలివైపు మల్లెతీగ ఉంది, బయటివైపు మదనపల్లె ఉంది. రిటైరైన తర్వాత నా కాలమంతా ఈ రెండింటి మధ్యనున్న ఇటుక గోడతోనే సరిపోయింది.

ఇల్లు బస్టాండు వెనక సందులో ఉంటుంది. స్థలం కొన్నప్పుడు ‘బస్టాండుకు ఇంత దగ్గర, ఎంత సౌకర్యం’ అని మా ఆయన మురిసిపోయాడు. ఆ సౌకర్యం మా ఒక్కరికే కాదని గోడ లేచిన రోజే తెలిసింది. పుంగనూరు నుంచి, బి.కొత్తకోట నుంచి, ఇంకా దూరం నుంచి ఉగ్గబట్టుకుని బస్సు దిగిన మగవాళ్ళందరికీ మా గోడే తొలి మజిలీ. బస్టాండులో మరుగుదొడ్డి లేక కాదు. దాని దాకా నడవాలి. మా గోడకైతే అటు తిరిగితే చాలు.

నేను సోషల్ టీచర్‌ని. ఉద్యోగం ఎక్కువగా కుప్పంలో చేశాను. రాతలో నాకు నమ్మకం ఎక్కువ. అందుకని మొదట గోడమీద ‘ఇచ్చట మూత్రవిసర్జన చేయరాదు’ అని రాయించాను. చదువురానివాళ్ళు చదవకుండా పోశారు, చదువుకున్నవాళ్ళు చదువుతూ పోశారు. తర్వాత ‘జరిమానా విధించబడును’ అని కలిపాను. ఎవరు విధిస్తారో రాయలేదు కాబట్టి ఎవరూ భయపడలేదు. చివరికి ఒళ్ళుమండి, ఇది కుక్కలకు మాత్రమే కేటాయించిన స్థలమని రాయించాను. ఆ వారంలోనే ఒక పెద్దమనిషి, తెల్లపంచె, చంకలో బ్యాగు, పని కానిచ్చుకుంటూనే తల తిప్పి, “అక్షరాలు బాగుండాయమ్మా, ఎవురు రాసినారు?” అని నన్ను అడిగాడు. పేరు చెప్పాను. పంతొమ్మిదో అధికరణం కింద నాకున్న భావప్రకటన స్వేచ్ఛను నేను పూర్తిగా వాడుకున్నానని మా ఆయన అన్నాడు. గోడకు చెప్పుకోవడమంటే ఏమిటో నాకు అప్పుడే అర్థమైంది.

ఈ గోడనే ఆనుకుని ఒక రేకుల బంకు ఉంది. మేము ఇల్లు కట్టకముందు నుంచీ ఉంది. అందులో కూర్చునే మనిషిని ఊరంతా బీగాలాయన అంటారు. తాళాన్ని మా వైపు బీగం అంటారు. పోగొట్టుకున్న బీగంచెవులకు కొత్తవి చేస్తాడు, బ్యాగుల జిప్పులు బాగుచేస్తాడు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బంకులో తెలుగు. ఆ బంకు మీదే సంసారం, ఆ బంకు మీదే కూతురి నర్సింగు చదువు. బంకు ఉన్న చోటు మున్సిపాలిటీది, ఆనుకున్న గోడ నాది. ఆయన సొంతమని చెప్పుకోగలిగింది కూర్చునే స్టూలు. వాసనకు నేను కిటికీ మూసుకునేదాన్ని. ఆడవాళ్ళు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, బ్యాగున్న చెయ్యి మాత్రం బంకులోకి చాపేవాళ్ళు. కొందరు అది కూడా చేయలేక వేరే వీధికి పోయేవాళ్ళు. వాళ్ళు అట్లా తిరిగి పోతుంటే ఆయన చూస్తూ కూర్చునేవాడు.

“టీచరమ్మా, రాతలు సాలు. దేవుళ్ళను పెట్టు,” అన్నాడు ఒకరోజు. “మనోళ్ళు సట్టానికి బయపడరు, సామికి బయపడతారు.”

నాకు నచ్చలేదు. లౌకికరాజ్యంలో దేవుళ్ళను కాపలాకు పెట్టుకోవడం ఎంత తప్పో ఆయనకు నిలబెట్టి వివరించాను. ఆయన చివరిదాకా విన్నాడు.

“నీకు కిటికీ ఉండాదమ్మా,” అన్నాడు.

మరుసటి రోజు టైల్సు షాపుకు పోయాను. వెంకటేశ్వరస్వామి, మక్కా, ఏసుప్రభువు ముగ్గురూ ఒకే పెట్టెలో ఉన్నారు. ఒకటి చాలు కదా అని అడిగాను. “ఇడిగా ఇయ్యము మేడం. సెట్టే. ఒగర్నే పెడితే మిగతావాళ్ళు వచ్చి పోస్తారు,” అన్నాడు షాపతను. ఎంత ఎత్తులో పెట్టాలన్నది మేస్త్రీకి వచ్చిన సందేహం. ఆ పనిమీద వచ్చినవాడి చూపు ఎక్కడుంటుందో లెక్కవేసుకుని, నడుముకు కాస్త పైన అతికించాడు.

టైల్సు పనిచేశాయి. వచ్చినవాడు వచ్చినట్టే ఆగిపోవడం, చెంపలేసుకోవడం, వెనక్కి తిరగడం. నేను మేడమీద నుంచి చూసి తృప్తిపడేదాన్ని. కిటికీ తెరిచాను. బీగాలాయన బంకు ముందు ఆడవాళ్ళు నిలబడి కబుర్లు చెప్పుకునే రోజులు వచ్చాయి. మా మల్లెతీగ కూడా ఆ ఏడు బాగా పూసింది. రెండింటికీ సంబంధం లేదని మా ఆయన అంటాడు.

అప్పుడు పెరుగమ్మ భక్తి మొదలైంది.

పెరుగమ్మ పుంగనూరు పక్క పల్లె మనిషి. పొద్దున్నే మొదటి బస్సులో పెరుగు దుత్తతో దిగి, మా సందులో ఇల్లిల్లూ తిరిగి పోసి, ఎండెక్కే వేళకు వెనక్కి పోతుంది. దేవుడు కనపడితే ఊరికే పోయే మనిషి కాదు. ఒక శుక్రవారం మా గోడ దగ్గర దుత్త దించి, నడుముకున్న సంచిలోంచి కుంకుమ పొట్లం తీసి, స్వామికి బొట్టు పెట్టింది. పక్కనున్నవాళ్ళను వదిలేస్తే ఏమనుకుంటారో అని మక్కాకు పెట్టింది, ఏసుకూ పెట్టింది. మా తీగనుంచి బయటికి వేలాడే మల్లెలు నాలుగు కోసి ముగ్గురికీ పంచింది.

నాకు అందులో వింత కనపడలేదు. నేనూ పుంగనూరులోనే పుట్టాను. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే మా అమ్మ ముందు దర్గాకు తీసుకుపోయి చక్కెర చదివించి, ఆ చక్కెర నా నాలుకమీద వేసి, అక్కణ్ణుంచి డాక్టరు దగ్గరికి తీసుకుపోయేది. దారిలో గుడి వస్తే చెప్పులు విడిచి మొక్కేది. జ్వరం తగ్గితే ఎవరికీ అన్యాయం జరగకుండా అందరికీ కొబ్బరికాయ కొట్టేది. మా వైపు దేవుడు ఎదురైతే నువ్వు ఎవరని అడగరు. బొట్టు పెట్టి ముందుకు పోతారు.

బస్సుకోసం ఎదురుచూస్తున్న ఎవరో ఒకరికి మాత్రం వింతగా కనపడింది. ఫోటో తీశాడు. మక్కా బొమ్మ, దానిమీద ఎర్రటి బొట్టు, మల్లెపూలు, పక్కన బీగాలాయన బంకు, బంకులో బీగాలాయన. ఆ ఫోటో మధ్యాహ్నానికి ఊళ్ళో ప్రతి ఫోనులోనూ ఉంది. మా ఆయన ఫోనుకు కూడా వచ్చింది. కింద ‘అందరికీ పంపండి’ అని ఉంది. ఆయన భయపడి పంపలేదు.

నమాజు అయ్యాక మసీదు పెద్దలు నలుగురు బంకు దగ్గరికి వచ్చారు. “నువ్వు ముసల్మానువై ఉండి మక్కాకు బొట్టు పెట్టిస్తావా?” అన్నారు. వాళ్ళు పోయాక గుడి కుర్రాళ్ళు నలుగురు వచ్చారు. “నువ్వు ముసల్మానువై ఉండి మా సామిని ఉచ్చగోడ మింద పెడ్తావా?” అన్నారు. బీగాలాయన ఇద్దరికీ ఒకటే జవాబు చెప్పాడు, తాను జిప్పులు కుడుతున్నానని. ఏసు తరఫున ఎవరూ రాలేదు. ఆయనకు క్షమించడం అలవాటు.

సాయంత్రానికి రెండు పక్షాలూ పోలీసు స్టేషనుకు చేరాయి. దూరమేమీ కాకపోయినా ఒకే షేర్ ఆటోలో వచ్చారట. ఇద్దరూ కోరింది ఒకటే. ఆ బంకు అక్కణ్ణుంచి లేవాలి. బీగాలాయనను పిలిపించారని తెలిసి నేనూ బయల్దేరాను. “నీకెందుకే, అడగలేదు కదా,” అన్నాడు మా ఆయన. ఆయన కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. తీగ తెగిపడితే ముట్టుకోకూడదన్నది ఆయన జీవితసూత్రం.

సీఐ చిన్నవాడే. నిద్రలేని కళ్ళు.

“మీరు యాల వచ్చినారమ్మా?”

“గోడ నాది, టైల్సు నావి, పూలు నావి. పక్కన కూర్చున్న పాపానికి ఆయన్ను పిలిపించారు. అందుకని వచ్చాను.”

“మక్కా ఫోటోకు బొట్టు పెట్టినారు సార్. మా మనోభావాలు దెబ్బతిన్నాయి,” అన్నాడు మసీదు పెద్దమనిషి.

“సామిని నడుము కాడ పెట్టినారు సార్. మావి గూడా దెబ్బతిన్నాయి,” అన్నాడు గుడి కుర్రాడు.

“అదే గోడమీద ఇన్నేళ్ళు పోస్తుంటే మీ మనోభావాలు ఎక్కడికి పోయాయి?” అన్నాను నేను.

“అప్పుడు ఆడ దేవుడు లేడు కదమ్మా,” అన్నారు. ఇద్దరూ కలిసే అన్నారు.

నాకు కోపమొచ్చింది. కోపమొస్తే నేను పాఠం చెబుతాను. ఇరవై అయిదో అధికరణం ప్రకారం పెరుగమ్మకు తనకు తోచినట్టు మొక్కుకునే హక్కుందని, శాంతిభద్రతలకు లోబడి అన్న మాట కూడా అందులోనే ఉందని, ఒక ముసలామె బొట్టు పెడితే చెదిరిపోయే శాంతి శాంతే కాదని, తరగతిగదిలో చెప్పినట్టే నిలబడి చెప్పాను. ఒక కానిస్టేబుల్ చేతులు కట్టుకుని విన్నాడు. కుప్పంలో నా దగ్గరే చదివాడేమోనని అనుమానం వచ్చింది.

“ఇరవై అయిదు ఉండాది, పంతొమ్మిది ఉండాది. నేనేమీ కాదననమ్మా,” అన్నాడు సీఐ. “రాత్రికి ఆ సందులో గుంపు ఉండకూడదు. నాకు కావాల్సింది అది.” తర్వాత బీగాలాయన వైపు తిరిగాడు. “నువ్వేమీ మాట్లాడవేమప్పా? నీ మనోభావాలు ఏమి?”

బీగాలాయన లేచి నిలబడ్డాడు. “అందరికీ మనోభావాలు ఉండాయి సార్. నాకు ముక్కు గూడా ఉండాది.”

ఎవరూ నవ్వలేదు. కానిస్టేబుల్ మాత్రం గోడవైపు తిరిగి క్యాలెండరు చూశాడు.

తీర్పు ఇదీ. టైల్సు ఆ సాయంత్రమే తీసేయాలి. బంకు ప్రస్తుతానికి ఉండొచ్చు. ఆ గోడ దగ్గర ఇంకోసారి గలాటా అయితే మాత్రం మొదట లేచేది బంకే. బీగాలాయన కూతురి చదువు ఇంకా రెండేళ్ళుంది.

టైల్సు తీయడానికి మేస్త్రీ రానన్నాడు. దేవుడిమీద ఉలి పెట్టనన్నాడు. చివరికి మా ఆయన, రబ్బరు చేతొడుగులు వేసుకుని, ముగ్గురికీ క్షమాపణ చెప్పి ఊడబెరికాడు. అవి ఇప్పటికీ మా బీరువామీద గుడ్డలో చుట్టి ఉన్నాయి. పారేయడానికి ధైర్యం చాలదు, పెట్టుకోవడానికి చోటు చాలదు.

“మీ దేవుళ్ళు యాడికి పోయినారు?” అని పెరుగమ్మ అడిగింది.

“స్టేషనుకు,” అన్నాను.

“అయ్యో,” అని పెరుగు పోసి వెళ్ళింది.

వారం తిరక్కుండా గోడ పాత స్థితికి వచ్చింది. కిటికీ మూశాను. బంకు ముందు ఆడవాళ్ళు మాయమయ్యారు. అడకత్తెరలో పోకచెక్క అంటారు కదా, బీగాలాయన పరిస్థితి అది. గోడకు దేవుణ్ణి పెడితే బంకు లేచిపోతుంది, పెట్టకపోతే బేరం లేచిపోతుంది. ఆయన నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

అప్పుడు నాకు ఆ ఆలోచన వచ్చింది. ఎవరూ కాదనలేనిది, ఏ మతానికీ చెందనిది, మసీదూ గుడీ రెండూ తలవంచాల్సింది నాకొకటి తెలుసు. పిల్లలచేత ఏళ్ళ తరబడి బట్టీ పట్టించాను. రాజ్యాంగ పీఠిక.

కుప్పంలో నా పాత విద్యార్థి ఒకడు గ్రానైటు పాలిషింగు నడుపుతున్నాడు. మత స్వాతంత్ర్యపు హక్కును వివరించుము అన్న ప్రశ్నకు ఆ మహానుభావుడు పరీక్షలో ‘మా అవ్వ సోమవారం గుడికి పోవును, శుక్రవారం దర్గాకు పోవును, క్రిస్మసుకు కేకు తినును, ఎవరూ ఏమీ అనరు, అనినచో తిట్టును’ అని రాశాడు. నాలుగు మార్కులకు రెండు వేశాను. పాయింట్లుగా రాయలేదు. ఇప్పుడు రాసినా రెండే వేస్తాను. ఫోను చేసి సంగతి చెప్పాను.

“పీఠిక మొత్తమా మేడం?” అన్నాడు. “ఇంపోజిషన్ ఇంకా అయిపోలేదా?”

రాయి నల్లగా, అద్దంలా వచ్చింది. బంగారు రంగు అక్షరాలు. కుప్పం నుంచి పలమనేరు, పుంగనూరు మీదుగా క్యాబేజీ మూటల మధ్య పడుకుని వచ్చింది. ఒక్క అచ్చుతప్పు లేదు. వాళ్ళు చేసేవి ఎక్కువగా సమాధిరాళ్ళు, గుడిమెట్లు కావడం వల్ల, చేతి అలవాటున పైన గోపురంలాగా వంపు తిప్పాడు. కింద దీపం పెట్టుకునే చిన్న అరుగు కూడా చెక్కాడు. ఇదెందుకని అడిగితే, “బోసిగా ఉంటాదని పెట్టినా మేడం,” అన్నాడు. వెనక్కి పంపడానికి క్యాబేజీ బండి అప్పటికే పోయింది. ఈసారి నడుము గొడవ లేకుండా కంటి ఎత్తులో పెట్టించాను.

రాజ్యాంగ దినోత్సవం నాడు ఆవిష్కరణ. మసీదు పెద్దమనిషి వచ్చాడు, గుడి కుర్రాడు వచ్చాడు, సీఐ వచ్చి టీ తాగాడు. ఇద్దరూ మాట్లాడారు. రాజ్యాంగం మన అందరికీ పవిత్రమైనదని ఒకరు, ప్రాణంతో సమానమని ఒకరు అన్నారు. చప్పట్లు కొట్టారు. రాయి ముందు వరసగా నిలబడి ఫోటో దిగారు. నేను కూడా నవ్వాను. ఆ ఫోటోలో నేను చాలా సంతోషంగా ఉంటాను.

తెల్లారి చూస్తే గోడ తడిగా ఉంది. కంటి ఎత్తులో పెట్టిన రాతిమీద దాకా తడి ఎక్కింది. అంత ఎత్తుకు ఎవరు ప్రయత్నించారో, ఎందుకు ప్రయత్నించారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఎవరైనా వస్తారని ఎదురుచూశాను. ఫోటో తీస్తారని, ఊరంతా పంపుతారని, గుంపు వస్తుందని చూశాను. మసీదు పెద్దమనిషి అటు పోతూ ఆగి, “శానా తప్పమ్మా ఇది,” అని టీకి వెళ్ళాడు. గుడి కుర్రాడు, “జనానికి బుద్ధి లేదు టీచర్,” అని బండి స్టార్టు చేశాడు. మూడోరోజు నేనే స్టేషనుకు వెళ్ళాను. రాజ్యాంగాన్ని అవమానిస్తే శిక్షించడానికి చట్టం ఉందని సీఐకి చెప్పాను.

“ఉండాదమ్మా. ఎవురిమింద పెట్టేది? బస్సు దిగిన ప్రతి ఒకడిమింద పెట్టేదానికి అయితాదా?” అన్నాడు. కాయితం ముందుకు లాక్కున్నాడు. “సరే, రాసుకుంటా. ఎవురి మనోభావాలు దెబ్బతిన్నాయి?”

“నావి.”

“ఒక్కరేనామ్మా?”

ఆయన ఎగతాళిగా అనలేదు. మర్యాదగా, రాసుకోవడానికి అడిగాడు. నేను లేచి వచ్చేశాను. ఊరికే ఏడ్చే మనిషిని కాదు నేను, కానీ ఆ రోజు ఆటోలో ఏడ్చాను. ఉద్యోగమంతా పిల్లలకు నేను చెప్పింది ఒకటే మాట. ఊరంతా ఒకవైపున్నా ఒక్క మనిషి ఒకవైపు ఉంటే ఆ ఒక్క మనిషి కోసం రాజ్యాంగం ఉంటుందని. మరి రాజ్యాంగానికి అవసరం పడితే ఎవరుంటారని ఏ పిల్లవాడూ అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి బీగాలాయన బంకులోని సామాను సంచిలోకి సర్దుతున్నాడు. గొలుసుకు వేలాడే బీగంచెవులు, ఆకురాయి, జిప్పుల డబ్బా.

“కుప్పంలో బామ్మర్ది ఉండాడమ్మా. రైల్వే స్టేషను కాడ జాగా సూపిస్తానంటాడు. శనివారం పోతాండాను.”

“ఇన్నేళ్ళ చోటు వదిలేసా?”

“సోటు యాడుందమ్మా, వాసన ఉండాది గానీ.” సంచి మూతి బిగించి, “నువ్వు శానా సేసినావులే,” అన్నాడు. ఆ మాట నన్ను ఓదార్చడానికే అన్నాడని తెలిసి ఇంకా బాధపడ్డాను.

శుక్రవారం పొద్దున బిందెతో నీళ్ళు తెచ్చి రాయి కడుగుతున్నాను. పెరుగమ్మ దుత్త దించి పక్కన నిలబడింది. జ్వరంతో పల్లెలోనే ఉండిపోయి ఆ వారమే వచ్చింది. రాయిని పైనుంచి కిందికి చూసింది. వంపు చూసింది, అరుగు చూసింది.

“ఇది ఏ సామి టీచరమ్మా?”

“సామి కాదు. రాజ్యాంగం. మనమంతా కలిసి రాసుకున్న మాట.”

“ఏమి సేస్తాది?”

“ఎవరికి నచ్చిన దేవుణ్ణి వాళ్ళను మొక్కుకోనిస్తుంది. ఎవరి మాట వాళ్ళను చెప్పుకోనిస్తుంది. అందర్నీ సమానంగా చూస్తుంది.”

“అందర్నీ సమానంగా సూస్తాదా?”

“చూడాలి.”

“మరి సామి కాదంటావేమి?” అని కుంకుమ పొట్లం తీసింది.

నేను అడ్డం నిలబడ్డాను. రాజ్యాంగానికి బొట్టు పెట్టకూడదన్నాను. పూజించేది కాదని, చదివేదని, ప్రశ్నించేదని, అవసరమైతే మార్చుకునేదని చెప్పాను. నిజానికి నాకు ఇంకో భయం కూడా ఉంది. ఈ బొట్టు ఫోటో కూడా ఊరంతా తిరిగితే బంకు శనివారం దాకా కూడా ఉండదు.

“నాకు సదువు రాదు కదా,” అంది పెరుగమ్మ. “నువ్వు సదువుకో. నేను బొట్టు పెట్టుకుంటా. నీకేమి అడ్డం?”

దేన్ని దేవుడనుకోవాలో ఆమె అంతరాత్మ తేల్చుకోవాలి గానీ సోషల్ టీచర్ తేల్చకూడదు. ఇరవై అయిదో అధికరణం అన్నది అదే. ఆమెకు అడ్డం నిలబడాలంటే నేను ఆ రాతికే అడ్డం నిలబడాలి. పక్కకు జరిగాను. పెరుగమ్మ మూడు వేళ్ళతో, రాతికి సరిగ్గా నడిమధ్య, రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టింది. అరుగుమీద పూలు పెట్టి, దుత్త ఎత్తుకుని, “పెరుగో,” అని కేక వేసుకుంటూ పోయింది.

రోజంతా ఫోటో కోసం చూశాను. ఎవరూ తీయలేదు. రాజ్యాంగానికి బొట్టు పెడితే మసీదుకు నష్టం లేదు, గుడికి నష్టం లేదు. అది ఎవరిదీ కాదు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

శనివారం బీగాలాయన సంచి పట్టుకుని వచ్చాడు, తాళం వేసి చెప్పి పోదామని. గోడవైపు చూశాడు. చెయ్యి పెట్టి తడిమాడు. పొడిగా ఉంది. ఆయన స్టూలుమీద కూర్చున్నాడు. నేను కిటికీ తెరిచి చూస్తూనే ఉన్నాను. పుంగనూరు బస్సు వచ్చింది. ఇద్దరు మగవాళ్ళు సందులోకి తిరిగారు, రాయిని చూశారు, చెంపలేసుకున్నారు, వెనక్కి పోయారు. బి.కొత్తకోట బస్సు వచ్చింది. మళ్ళీ అంతే. మధ్యాహ్నానికి ఆయన సంచిలోంచి ఆకురాయి బయటికి తీశాడు.

“ఒకడూ జిప్పుమింద సెయ్యి పెట్టలేదమ్మా,” అన్నాడు సాయంత్రం. “బామ్మర్దికి ఫోను సేసేసినా, రానని.”

“కుంకుమకు నీకేం అభ్యంతరం లేదా?” అని అడిగాను.

“నా నమాజు మసీదులో సదువుకుంటా. ఈడ నేను ఊపిరి పీల్చుకోవాల,” అన్నాడు.

ఇక్కడితో నేను ఊరుకోవాలి. కానీ ఊరుకునే స్వభావం నాకు లేదు. కుంకుమ కారి అక్షరాలు కనపడటం లేదు. పీఠిక ఉన్నది చదవడానికి. అందుకని రోజూ పొద్దున్నే తడిగుడ్డ తీసుకుని కిందికి దిగి, బొట్టు తుడిచి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఒకసారి చదువుకుని పైకి వచ్చేదాన్ని. మొదటి బస్సు వచ్చాక పెరుగమ్మ వచ్చి మళ్ళీ బొట్టు పెట్టేది. ఆమె నన్ను ఏమీ అనేది కాదు, నేను ఆమెను ఏమీ అనేదాన్ని కాదు. ఎవరి హక్కును వాళ్ళం వాడుకునేవాళ్ళం. బీగాలాయన నాకోసం ఒక చెంబు నీళ్ళు, ఆమె కోసం ఒక కుంకుమ పొట్లం బంకులో ఉంచడం మొదలుపెట్టాడు. ఇంత జరుగుతున్నా లోలోపల నాకు ఆమెమీద కోపంగానే ఉండేది. బొట్టు లేకపోతే మనుషులు ఆగరు అన్న సంగతి రోజూ గుర్తుచేస్తోందని కోపం. తప్పు ఆమెది కాదని తెలిసినా తగ్గేది కాదు.

మొన్న చలికి నాకు జ్వరం పట్టుకుంది. కొన్నాళ్ళు మంచం దిగలేదు. కిందికి పోయి రాయి తుడవమని మా ఆయనను అడిగాను. అది కరెంటు స్తంభం కాదు కదా ఏం కాదులే అన్నాడు, కానీ పోలేదు. అన్నిరోజుల కుంకుమ పేరుకుపోయి, పీఠిక ఒక ఎర్రటి ముద్ద అయిపోయి ఉంటుందని పడుకున్నచోటే మథనపడ్డాను.

లేవగలిగిన రోజు చెప్పులు వేసుకుని నెమ్మదిగా దిగాను. ఆలస్యమైంది. పుంగనూరు బస్సు అప్పటికే వచ్చింది. సందు మలుపు తిరిగేసరికి పెరుగమ్మ రాతి ముందు నిలబడి ఉంది. దుత్త కింద ఉంది. చెంబులో నీళ్ళతో తన పైటచెంగు తడిపి, ముందురోజు బొట్టును తుడుస్తోంది. ఊరికే పైపైన తుడవడం లేదు. ఒక్కో వరసా వేలితో పట్టి, అక్షరాల గాట్లలో ఇరుక్కున్న ఎర్రదనం పోయేదాకా రుద్దుతోంది. రాయి మొత్తం నల్లగా, బంగారు రంగుగా, నేను కుప్పం నుంచి తెప్పించిన రోజు ఉన్నట్టే ఉంది.

“ఏంటిది?” అన్నాను.

“జరమంట కదా నీకు. నువ్వు రాలేదని దినామూ నేనే తుడిసినా,” అంది. “నువ్వు వస్తే సదువుకోవాల కదా.”

ఆమెకు అందులో ఒక్క అక్షరం రాదు. నేను చదువుతానని మాత్రం తెలుసు.

బంకులోంచి బీగాలాయన చూస్తున్నాడు. స్టేషనులో సీఐ ఒక్కరేనామ్మా అని అడిగినప్పుడు నేను అవునన్నట్టు లేచి వచ్చేశాను. ఇప్పుడు పోయి ఆ కాయితం దిద్దించాలనిపించింది.

పెరుగమ్మ రాతి పక్కకు జరిగి నిలబడింది. “సదువుకో. బస్సుకు టైముండాది. నువ్వు సదివినాక పెడతా,” అంది.

ఆ రోజు మొదటిసారి బయటికి వినిపించేలా చదివాను. జ్వరం గొంతు, మధ్యలో రెండుసార్లు దగ్గు. ఆమె చేతులు కట్టుకుని చివరిదాకా విన్నది. అయిపోయాక కుంకుమ పొట్లం విప్పి, ఒక చేత్తో తడి పైటచెంగు, ఒక చేత్తో పొట్లం పట్టుకుని అవస్థపడుతోంది.

బొట్టు నేను పెట్టలేదు. పెట్టను కూడా. ఆమె పెడుతున్నంతసేపూ పొట్లం పట్టుకుని పక్కన నిలబడ్డాను.